ఎడమవైపుది పసుపు

జూలై 2, బుధవారం

కొత్త మానిటర్ కొంటున్నాను. కొంటున్నాను! పెన్నుతో రాసేశాను కాబట్టి ఇక వెనక్కి పోయేది లేదు.

తప్పంతా పాత మానిటర్‌ది. ఈ సంగతి ఇవాళ మా నాంపల్లి గల్లీలో తెలియని మనిషి లేడు. పొద్దున ప్రెస్సు షట్టర్ ఎత్తగానే మెషిన్ మీద రాబర్ట్‌కి సాయం చేసే అంజన్‌కి చెప్పాను. అతను నేల చూపులు చూశాడు. రాబర్ట్‌కి చెప్పాను. కట్టుకున్నవాడు కదా, కాస్త ఆవేశపడతాడనుకున్నాను. ఇంకు రోలర్ తుడుచుకుంటూ "ఔ, పాతదైంది గదా" అన్నాడు. టీ తెచ్చినాయనకి చెప్పాను. "కొనుండ్రి మేడం, ఎవరొద్దన్నరు?" అన్నాడు. ఈ గల్లీ మొత్తానికి ఆయనొక్కడే మనిషి.

పెళ్లయిన దగ్గర్నుంచీ మా ప్రెస్సులో పద్ధతి ఒకటే. పెళ్లి కార్డు కూర్చేది నేను, అచ్చేసేది ఆయన. రంగు మాట మాత్రం నాది. నేను తేల్చానంటే తేలినట్టే. అలాంటిది పోయిన నెల వాళ్లన్న కాలు విరిగిందని రాబర్ట్ మెదక్ వెళ్లి కూర్చున్నాడు. మెషిన్ అంజన్ నడిపాడు. సరిగ్గా అప్పుడే రెండు కార్డులు చెడ్డాయి.

మొదటిది మా చర్చివాళ్లదే. తెల్లని లిల్లీపూలు వేశాను. పెళ్లికొడుకు తండ్రి కార్డు పట్టుకొచ్చి, "డోర్కాసమ్మా, గివి లిల్లీలా, నీలిమందుల ముంచిన రుమాళ్లా?" అన్నాడు. రెండోది గౌలిగూడవాళ్లది. అంచు చుట్టూ పసుపుకొమ్ములు వేశాను. అవి పచ్చిమిరపకాయల్లా ఉన్నాయట. "మేం పెండ్లికి పిలుస్తున్నమా, మిర్చి బజ్జీలకు పిలుస్తున్నమా?" అని వాళ్ల గొడవ.

నాకైతే రెండూ చక్కగా కనిపించాయి. ఆ మాటే అన్నాను. "జర మీ కళ్లు చూపించుకోండి" అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

కానీ అంజనూ నీలమే అన్నాడు, టీ ఆయనా నీలమే అన్నాడు. ఇంతమందికి ఒకేసారి కళ్లు పోవు కదా. ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, ఆ ముసలి మానిటర్ తప్పుడు రంగు చూపించీ చూపించీ నా కంటికి ఆ తప్పే అలవాటు చేసింది. దొంగముఖంది.

ఆ రోషంలోనే నోరు జారాను. "మూడో కార్డు కూడా చెడితే నేనింక రంగు జోలికే పోను. అంజన్ చూసుకుంటాడు. నేను అక్షరాలు పేర్చుకుంటూ మూల కూర్చుంటా" అని అందరి ముందూ అనేశాను. 'అట్లెందుకంటవ్ డోర్కాస్' అని ఎవరైనా అంటారని కాసేపు ఆగాను. ఎవరూ అనలేదు. రాబర్ట్ కూడా అనలేదు.

మూడో కార్డు పూలమ్మది. మొజంజాహీ మార్కెట్ దగ్గర పూల దుకాణం ఆమెది. కూతురు భాగ్య పెళ్లి శ్రావణంలో. ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోతేనేం, కార్డులవాళ్లకి ఇదే సీజను. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది, నేను పరిచిన నమూనాల్లో ఒక్కటీ చూడలేదు. కొంగుముడి విప్పి ఒక బంతిపువ్వు తీసి నా బల్ల మీద పెట్టింది. "గీ రంగు కావాలె. గింతే. ఇంకేం అడుగ" అని వెళ్లిపోయింది.

ఇది కూడా మిరపకాయ అయ్యిందంటే నా పని అయిపోయినట్టే. రేపే అబిడ్స్ వెళ్తున్నాం.

జూలై 3, గురువారం

ఎంత హాయిగా గడిచిందో ఇవాళ!

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో కిషన్ అనే అతని కంప్యూటర్ల దుకాణం. నవ్వు ముఖం, మెత్తని మాట. రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. "రెండూ ఒకటే మేడం. ఒకటే సైజు, ఒకటే ప్యానెల్. దీని అంచు నలుపు, దానిది బూడిద. గంతే ఫరక్."

"గంతే ఫరకైతే రెండెందుకు తయారు చేసిన్రు?" అన్నాను.

కిషన్ మాకు టీ చెప్పాడు. నేనే వాటికి పేర్లు పెట్టాను: నల్లమ్మ, బూడిదమ్మ. రాబర్ట్ నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో.

రాత్రి కూర్చిన పూలమ్మ కార్డు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. రెండు తెరల మీదా పెట్టించాను. తర్వాత చర్చి మిషన్ వాళ్ల ప్రెస్సులో నాకు పని నేర్పిన దేవప్రసాద్ గారి పద్ధతిలో పరీక్ష పెట్టాను. రెండు ప్రూఫులు, అంటే నమూనా అచ్చులు, ఉన్నప్పుడు మధ్యలో నిలబడాలి. కుడి కన్ను మూసి ఎడమదాన్ని ఎడమ కంటితో చూడాలి, ఎడమ కన్ను మూసి కుడిదాన్ని కుడి కంటితో చూడాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుందనేవారు ఆయన. ఒక్కటే ప్రూఫ్ అయితే ఎడమ కన్నే. ఆయనా అంతే, నేనూ అంతే.

నల్లమ్మ ఎడమన ఉంది. కుడి కన్ను మూశాను. రామ్మా, దొరికావు! తెలుపంతా పాత చొక్కా కాలర్‌లా పసుపు పట్టి ఉంది. బూడిదమ్మ వైపు తిరిగి ఎడమ కన్ను మూశాను. కడిగిన ముత్యం!

"నల్లదాంట్ల పసుపు కొడుతుంది" అన్నాను.

కిషన్ ముందు మానిటర్ వైపు, తర్వాత రాబర్ట్ వైపు చూశాడు. రాబర్ట్ ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచుతూ, "నాకైతే రెండు ఒక్కతీర్గనే కనవడుతున్నయి" అన్నాడు. అచ్చేసేవాళ్లకి రంగేం తెలుస్తుంది?

వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్లో మామిడి ఐస్‌క్రీం తిన్నాం. రాబర్ట్ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. చిన్నపిల్లలం అయిపోయాం ఇద్దరం.

జూలై 4

బూడిదమ్మే. ఖాయం.

జూలై 5, శనివారం

ఖాయం కాదు.

తీసుకొచ్చేద్దామనే వెళ్లాను. చివరిసారి ఒక్క చూపు చూస్తానన్నాను. అదే మంచిదయింది. కిషన్ బల్ల తుడిచి మళ్లీ సర్దినట్టున్నాడు, ఇవాళ బూడిదమ్మ ఎడమన ఉంది. చూద్దును కదా, పసుపు! నల్లమ్మేమో మల్లెపువ్వు.

"నల్లదే ఇయ్యి" అన్నాను.

"మొన్న బూడిద అన్నవ్ గదా?" అన్నాడు రాబర్ట్.

"మొన్న మొన్నే."

దీనికి కారణం నాకు తెలుసు. మానిటర్లు వేడెక్కితే రంగు మారతాయి. మొన్న నల్లమ్మ పొద్దున్నుంచీ వెలుగుతూ ఉండి ఉంటుంది. ఇవాళ బూడిదమ్మ వంతు. ఈ మాట చెప్తే కిషన్, "మేడం, రెండూ ఇప్పుడే ఆన్ చేసిన" అన్నాడు. వ్యాపారస్తుడు, అలాగే అంటాడు. ఇంకా చల్లారాక చూడాలని వచ్చేశాం. దారిలో రాబర్ట్ చేతి రుమాలు నాకిచ్చి, "జర గిది ఏ రంగుందో చెప్పు" అన్నాడు. లేత గోధుమరంగు అన్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొంచెం దిగాలుగా ఉన్నాడు. ఎండ దెబ్బేమో.

జూలై 6, ఆదివారం

ప్రసంగం కొంచెం పొడుగైంది. పాస్టర్ గారి తెల్లంగీ మీద నా పద్ధతి ప్రయోగించాను. ఎడమ కంటితో చూస్తే అంగీ పసుపు, కుడి కంటితో చూస్తే తెలుపు. ఎడమవైపు కిటికీలోంచి ఎండ పడుతోంది, అందువల్ల. కానీ కొంతయినా అంగీలోనే లోపం ఉంటుంది కదా. బయటికొచ్చాక పాస్టరమ్మ చెయ్యి పట్టుకుని ప్రేమగానే చెప్పాను, "బట్టలకి జర నీలిమందు పెట్టించండమ్మా" అని.

పాస్టరమ్మ ముఖం మాడిపోయింది. రాబర్ట్ నన్ను రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాడు. నేనేమన్నానని!

జూలై 7

రాబర్ట్‌కి తలనొప్పట. కళ్ల డాక్టరుకి చూపించుకుంటానంటున్నాడు. "ఒక్కణ్ణే పోబుద్ధి అయితలేదు, నువ్వు గూడ రా, పనిల పని నువ్వు సుత చూపించుకో" అన్నాడు. ఈయనకి ఇప్పుడే రావాలా తలనొప్పి? మానిటర్ సంగతి తేలాక చూద్దామన్నాను. అమృతాంజనం రాశాను.

జూలై 8, మంగళవారం

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాసేస్తాను.

మమ్మల్ని దూరం నుంచే చూసి కిషన్ టీ చెప్పాడు. ఎడమన నల్లమ్మ, కుడిన బూడిదమ్మ. నా పరీక్ష నేను చేశాను. నల్లమ్మ పసుపు.

"జాగా మార్చు" అన్నాను. మార్చాడు. ఇప్పుడు ఎడమనున్న బూడిదమ్మ పసుపు.

"తీగలు మార్చు." మార్చాడు. ఎడమదే పసుపు.

"ఎడమ ప్లగ్గుల కరెంటు తక్కువొస్తున్నట్టుంది." కిషన్ బల్ల కిందికి దూరి ప్లగ్గులు మార్చి, తలకి బూజుతో బయటికొచ్చాడు. ఎడమదే పసుపు.

"నల్లమ్మలే రెండు తెరువు" అన్నాను. అతను సీలు తియ్యని పెట్టెలు రెండు తెరిచాడు. అక్కాచెల్లెళ్లు కూడా కాదు, అచ్చు ఒకటే. మధ్యలో నిలబడ్డాను. కుడి కన్ను మూశాను.

ఎడమది పసుపు!

ఈపాటికి దుకాణంలో జనం పోగయ్యారు. ఒకాయన ప్రింటర్ కొనడానికొచ్చి మా దగ్గరే ఆగిపోయాడు. "రెండూ ఒకటే ఉన్నయ్ గదమ్మా" అన్నాడు. ఇంకొకామె కూడా ఒకటే అంది. ఒక ముసలాయనైతే ఎడమదే జర నయమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ దుకాణంల ఎడమ గోడకే ఏదో ఉంది! అందరు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్రు!" అని అరిచాను. కిషన్ రెండు చేతులూ జోడించి, "మేడం, మీ కాల్మొక్కుత, నేను ధంధా బంద్ చేసి ఊరికి పోత" అన్నాడు.

అప్పుడు రాబర్ట్ టీ కప్పు కింద పెట్టాడు. వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"డోర్కాస్, కదలకు" అన్నాడు. అరచేత్తో నా ఎడమ కన్ను మూశాడు. ఎంత కడిగినా ఆ చేతికి కిరోసిన్ వాసన పోదు. "ఇప్పుడు ఎడమదాన్ని కుడి కంటితోని చూడు."

తెల్లగా ఉంది.

చెయ్యి తీసి రెండో కన్ను మూశాడు. "ఇప్పుడు కుడిదాన్ని ఎడమ కంటితోని చూడు."

పసుపు. అదే పాత కాలర్ పసుపు.

మళ్లీ మార్చాడు. మళ్లీ మార్చాడు. నేనే మార్చమన్నాను. పసుపు నా వెంట తిరుగుతోంది, మానిటర్ల వెంట కాదు. ఎవరూ నవ్వలేదు. ప్రింటర్ ఆయన తల దించుకున్నాడు. కిషన్ ఎక్కడి నుంచో కుర్చీ తెచ్చి వేశాడు.

నేనే నవ్వాను. అతన్ని బల్ల కిందికి దూర్చాను కదా, పాస్టరమ్మకి నీలిమందు చెప్పాను కదా, అని తలుచుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆటోలో నవ్వాను. నాంపల్లి స్టేషన్ దాకా నవ్వాను. స్టేషన్ దాటాక కూడా ఆగలేదు కానీ, అది నవ్వు కాదు. రాబర్ట్ ఆటో అతనికి, నాకు తలనొప్పి అని చెప్పాడు.

జూలై 9

ఏమీ రాయను.

జూలై 10, గురువారం

కంటి దవాఖానకి వెళ్లొచ్చాం. రాబర్ట్‌కి తలనొప్పీ లేదు, గిలనొప్పీ లేదు. నాకే మోతిబిందు, అంటే కంట్లో శుక్లం. డాక్టరమ్మ మా చర్చిలో పాడే కోయిర్ పిల్లల వయసుది. "ఎడమ కంట్లో బాగా ముదిరిందమ్మా, కుడి కంట్లో ఇప్పుడే మొదలు. చిన్న ఆపరేషను, భయం లేదు" అంది.

"ఎన్నాళ్ల నుంచి ఉండొచ్చు?"

"ఏడాది పైనే."

ఏడాది పైనే! ఇంటికొచ్చినప్పట్నుంచీ ఇదే ఆలోచన. ఏడాది పైగా ఈ పసుపు కంటితోనే రంగులు తేల్చాను. తెలుపు పసుపుగా కనిపించినప్పుడల్లా నీలం పెంచి ఉంటాను. అయినా చెడింది రెండే రెండు కార్డులు. అవి కూడా అంజన్ నడిపినప్పుడు. మిగతావన్నీ నిక్షేపంగా వెళ్లాయి, జనం మెచ్చుకున్నారు. అదెలా సాధ్యం? ఒకటే జవాబు. అనుభవం! కన్ను మోసం చేసినా నా చెయ్యి చెయ్యలేదు. చూశావా డోర్కాస్, ఒంటికన్నుతో ఏడాది లాక్కొచ్చావు! కొంచెం గర్వంగా ఉంది, ఎవరికీ చెప్పను కానీ.

కత్తి అంటే మాత్రం భయంగా ఉంది. రంగులు తిరిగి రాకపోతే? అక్షరాలకి నలుపు ఒక్కటి చాలు. కానీ నేను అక్షరాల మనిషిని కాదు.

పూలమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "కన్ను మంచిగ చేపిచ్చుకో డోర్కాసమ్మా. నెలాఖరుకు ఇయ్యి కార్డులు, సాలు" అంది. వేరే ప్రెస్సుకి ఇచ్చుకోవచ్చు కదా ఆమె? ఇవ్వలేదు. ఇక ఇది చెడగొట్టానంటే నన్ను నేను క్షమించుకోలేను.

జూలై 17

అయిపోయింది. నొప్పి లేదు. పట్టీ రేపు విప్పుతారు. లైన్లు వంకరగా వస్తున్నాయి, చదివేవాళ్లు క్షమించాలి. చదివేది నేనేగా. రాబర్ట్ రాయొద్దని పెన్ను లాక్కుంటున్నా

జూలై 18, శుక్రవారం

తెలుపు!!

తెలుపంటే ఇదా? నేనేదో తెలుపు చూస్తూనే ఉన్నాననుకున్నాను. ఓరి దేవుడా. డాక్టరమ్మ కోటు తెలుపు. గోడ తెలుపు. పాలు, పాల గిన్నె, బల్లి కూడా తెలుపే. ఇంటికొచ్చాక కొళాయి నీళ్లు పోసి పోసి చూశాను, నీళ్లకి కూడా అందం ఉంటుందా అని. రాబర్ట్ రుమాలు లాక్కుని చూశాను. తెల్లది! దాన్ని గోధుమరంగు అన్నాను నేను, పాపం ఆ మనిషి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా వంటింటి గోడకి మేం వేయించింది మీగడ రంగు కాదట. లేత నీలమట! "నువ్వే గదా తెచ్చినవ్ ఆ డబ్బా" అంటాడు రాబర్ట్. నేను ఏడాదిగా మీగడ గోడ ముందు వంట చేస్తున్నాననుకుంటున్నాను.

ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఇల్లంతా తిరిగాను. ఇప్పుడు నాకే రెండు మానిటర్లు ఉన్నాయి, ముక్కుకి అటొకటి ఇటొకటి. కొత్తది ఎంత బాగుందంటే, కుడిది కూడా మార్పించుకోవాలని ఇవాళే అనిపిస్తోంది. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం.

జూలై 20, ఆదివారం

నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చర్చికెళ్లాను. పాస్టరమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి పక్కనున్న బెంచీ మీద కూలబడింది. "మీరన్నారని రెండు సార్లు నీలిమందు పెట్టించానండీ" అంది. చూస్తే అంగీ నిజంగానే నీలంగా ఉంది! ఇది మాత్రం నా కంటి తప్పు కాదు.

జూలై 24, గురువారం

కిషన్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మర్యాదకో పారిపోవడానికో తెలీదు.

నల్లమ్మ, బూడిదమ్మ, మళ్లీ పక్కపక్కన. ఈసారి రెండు కళ్లూ తెరిచే చూశాను. పద్ధతీ లేదు, పాడూ లేదు. అటు చూశాను, ఇటు చూశాను. దగ్గరికెళ్లాను, దూరం జరిగాను.

"రెండూ ఒకటే" అన్నాను.

కిషన్ కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. "నేను మొదటి రోజే చెప్పిన గద మేడం" అన్నాడు, ఎంతో చిన్న గొంతుతో.

ఏది తీసుకోవాలో నాకు నిజంగానే తోచలేదు. జీవితంలో మొదటిసారి రంగు విషయంలో రాబర్ట్‌ని అడిగాను. "నల్లది తీసుకో, ఇంకు మరక వడ్డా కనవడదు" అన్నాడు. నల్లమ్మ మా ఇంటి మనిషైంది. ఆటోలో నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుని వచ్చాను.

జూలై 26

పూలమ్మ కార్డు పూర్తి చేశాను. పైన మామిడాకుల తోరణం, కింద బంతిపూలు. పూలమ్మ పంపిన తాజా పువ్వు తెర పక్కనే పెట్టి, పువ్వునీ తెరనీ మార్చి మార్చి చూశాను. పాత ఫైల్‌లో నీలం ఎంత ఎక్కువ పోసి పెట్టానో చూస్తే సిగ్గేసింది. తీసేశాను. ఇప్పుడు తెర మీద పువ్వు ముట్టుకుంటే చేతికి పసుపు అంటేలా ఉంది.

సోమవారం అచ్చు. రాబర్టే నడుపుతాడు. ఇక భయమేముంది?

జూలై 28, సోమవారం

కోపం ఇంకా తగ్గలేదు. నవ్వొస్తోంది కూడా.

పొద్దున మొదటి షీట్ బయటికొచ్చింది. అంజన్ తెచ్చి నా ముందు పెట్టాడు. చూశాను. మామిడాకులు ఎండిపోయి ఉన్నాయి. బంతిపూలు వాటిలో కలిసిపోయాయి. కార్డు మొత్తానికి కామెర్లు వచ్చినట్టుంది.

ఎడమ కన్ను మూశాను, కుడి కన్ను మూశాను. ఏ కంటితో చూసినా అంతే. తెర వైపు చూశాను. తెర మీద చక్కగా ఉంది. మానిటర్ కొత్తది. కన్ను కొత్తది. ఇక మిగిలిన పాతది నేనే.

అంటే నాకు రంగు రాదు. ఇంత కాలం వచ్చనుకున్నాను, అంతే. లేచి కుర్చీ అంజన్ వైపు తోశాను. "కూర్చో. మాటంటే మాటే. ఇంక రంగు నువ్వు చూడు" అన్నాను.

"అయ్యో, వద్దక్కా" అన్నాడు అంజన్. అతనికీ ఏడుపొచ్చేలా ఉంది.

మెషిన్ ఆగింది. రాబర్ట్ షీట్ చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మెషిన్ మీద ఇంకు ఎక్కువ తక్కువ చేసే మరల వైపు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఇప్పుడు నాకు ముఖాలు కూడా బాగా కనిపిస్తున్నాయి.

"ఆగు డోర్కాస్. నీ తప్పు కాదు. నా చేతి తప్పు."

"మీ చెయ్యేం చేసింది?"

"నీలం తగ్గించిన."

"ఎందుకు?"

"అలవాటు వడ్డది."

ఏమలవాటు? మెషిన్ దగ్గరికెళ్లి చూశాను. నీలం ఇంకు మరలన్నీ వరసగా కిందికి తిప్పి ఉన్నాయి. అలా తిప్పడానికి మనిషి ఆలోచించనక్కర్లేదు. రోజూ చేసే చెయ్యి దానంతటదే చేసేస్తుంది.

"ఎప్పట్నించి?" అన్నాను.

ఆయన పాత గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "పోయిన ఏడాది ఈస్టర్ కార్డులకంటె ముంగట్నించి" అన్నాడు.

"ప్రతి కార్డుకా?"

"ప్రతి కార్డుకు. నువ్వు పంపినదాంట్ల నీలం ఎక్కువొస్తుండె. నేను జర తగ్గించి కొడుతుంటి. మంచిగొస్తుండె."

అనుభవం అనుకున్నాను కదా! గర్వపడ్డాను కదా! ఈయన మెదక్ పోయిన రోజుల్లోనే కార్డులు ఎందుకు చెడ్డాయో ఇప్పుడు తెలిసింది. పాపం అంజన్, నేను పంపింది పంపినట్టు అచ్చేశాడు. నా లిల్లీలూ మిరపకాయలూ అసలు రూపంలో బయటికొచ్చాయి.

"అంజన్‌కన్న ఒక్క మాట చెప్పి పోవద్దా?"

"ఏమని చెప్పాలె? మీ అక్కకు రంగు కనవడ్తలేదని చెప్పాల్నా?"

"మరి నాకు? నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

నువ్వు అనేశాను. పెళ్లయినప్పట్నుంచీ ఏనాడూ అనలేదు. అంజన్ చటుక్కున గోడ వైపు తిరిగాడు.

రాబర్ట్ మాత్రం పట్టించుకోలేదు. "చెప్దామని చానాసార్లు నీ బల్ల కాడికి వచ్చిన. నువ్వు ఒక్క కన్ను మూసి గంత ఇష్టంగ చూస్తుంటె నోరు రాకపాయె. చెప్తే నువ్వు చూసుడే ఇడిచిపెడ్తవని భయమైంది. నువ్వు చూడనిది నేనేం అచ్చేయాలె? అందుకే తలనొప్పని నాటకమాడిన. నువ్వు అమృతాంజనం రాస్తివి."

ఆ గుడ్డ లాక్కుని ఆయన మీదికి విసిరాను. కోపంతోనే విసిరాను. రోజూ పక్కనే కూర్చుని అన్నం తింటూ, ఇంత దాచాడా! తర్వాత దగ్గరికెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. నీలం అంటిన బొటనవేలు. ఏడాది పైగా నా కంటి పని కూడా ఇదే చేసింది. ఇంత మంచివాణ్ణి పట్టుకుని అచ్చేసేవాళ్లకి రంగేం తెలుస్తుందని రాశాను నేను.

"మరలు మొదట్లాగా పెట్టండి" అన్నాను. 'మీరు' మళ్లీ వచ్చేసింది. "పెట్టి చేతులు వెనక్కి కట్టుకోండి. నేను చెప్పేదాకా మెషిన్ ముట్టుకుంటే చూడండి!"

సరిచేసి, బడిపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అంజన్ నడిపాడు. మొదటి రెండు షీట్లు పారేశాం. మూడోది వచ్చింది. ఆకులు పచ్చగా, పువ్వులు పువ్వుల్లాగా ఉన్నాయి. పువ్వు తెచ్చి కార్డు మీద పెట్టాను. ఎక్కడ పువ్వు అయిపోయి ఎక్కడ కార్డు మొదలైందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"రావొచ్చా?" అన్నాడు గోడ దగ్గర్నుంచి.

"రండి" అన్నాను.

జూలై 30, బుధవారం

పూలమ్మ వచ్చింది, భాగ్యని కూడా వెంటబెట్టుకుని. భాగ్య కార్డు వాసన చూసింది. పూలమ్మ చూపుడు వేలితో బంతిపూల మీద మెల్లగా రాసింది, రాలుతాయేమో అన్నట్టు. ఆమె పొద్దున లేచింది మొదలు చూసేది ఈ పువ్వులే. రాబర్ట్ మెషిన్ వెనక నిలబడి, తుడిచిందే తుడుస్తున్నాడు.

"నా దుకాణంల పువ్వే" అంది పూలమ్మ. ఇంకా చూస్తూనే, "రంగు ఎవరు చూసిన్రు డోర్కాసమ్మా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది. ఆ జవాబు నోటి దాకా వచ్చింది కూడా.

"మేమిద్దరం" అన్నాను.

మెషిన్ వెనక తుడవడం ఆగిపోయింది.

పూలమ్మకి ఇందులో వింతేమీ కనిపించలేదు. "ఔ మరి, పెండ్లి కార్డాయె, ఇద్దరు చూస్తెనే మంచిది" అని కార్డుల కట్ట చంకనెత్తుకుంది. కూతుర్ని తీసుకుని, ఎదురొచ్చిన టీ ఆయన్ని పక్కకి జరగమంటూ వెళ్లిపోయింది.

నేను లోపల కాగితాల గదిలోకి పారిపోయాను. ఆపరేషను చేసిన కంట్లో నెల్లాళ్లు నీళ్లు పడకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఈ నీళ్లకి కూడా ఆ లెక్క వర్తిస్తుందో లేదో రేపు ఫోన్ చేసి అడగాలి.